బర్రె మెడలో ఎర్ర లైటు

నేను కరెంటాఫీసులో పనిచేస్తాను. ఈ మాట చెప్పగానే ఎదుటి మనిషి కళ్లలో ఒక గౌరవం కనిపిస్తుంది. దాన్ని చెడగొట్టడం ఇష్టంలేక మిగతా సగం చెప్పను. ఆ మిగతా సగం ఏమిటంటే, నేను బిల్లుల సెక్షన్లో ఉంటాను. రీడింగు తప్పుపడిన బిల్లులు నా బల్ల మీదికి వస్తాయి, నేను వాటిని సరిచేసి పంపిస్తాను. కరెంటుకూ నాకూ ఉన్న సంబంధం కాగితాల దాకానే. ఇంట్లో ట్యూబ్‌లైటు స్టార్టరు తిప్పాలన్నా రబ్బరు చెప్పులు వేసుకుని, చెక్క పీట ఎక్కి, నా భార్యను మెయిన్ దగ్గర నిలబెట్టి, దేవుణ్ణి తలచుకుని తిప్పుతాను.

కానీ లాల్‌దర్వాజాలో మా గల్లీ మొత్తానికి నేను కరెంటన్నను. మిక్సీ తిరగకపోతే నా దగ్గరికే తెస్తారు. ఇస్త్రీ పెట్టె వేడెక్కకపోతే నా దగ్గరికే. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "లోపల కాయిల్ పోయింది, దుకాణంల చూపియ్యి" అంటాను. ఇన్నేళ్లలో నేను చెప్పిన రోగం ఇదొక్కటే. ఎవరూ అనుమానించలేదు.

మా ఇంటి ముందు భాగంలో రెండు గదులు, వెనక బర్రెల కొట్టం. నాన్న పోయాక పాల వ్యాపారమంతా మా అమ్మే చూసుకుంటోంది. ఒకప్పుడు కొట్టం నిండా బర్రెలుండేవి. గల్లీలు ఇరుకవుతున్న కొద్దీ అవీ తగ్గిపోయి ఇప్పుడు రెండు మిగిలాయి. ఒకదానికి నొసట తెల్ల మచ్చ ఉంటుంది, అది చెప్పిన మాట వింటుంది. రెండోది కొమ్ముల నుంచి తోక చివరి దాకా నలుపే. అది ఎవరి మాటా వినదు. సాయంత్రం కాళ్లు సాగడానికని అమ్మ రెండింటినీ కాసేపు వదిలితే, తెల్లమచ్చది గల్లీ చివరిదాకా పోయి బుద్ధిగా తిరిగొస్తుంది. నల్లది మలుపు దగ్గర, సరిగ్గా దారి మధ్యలో, మోకాళ్లు మడిచి కూర్చుంటుంది. ఇక దానికి మనసైతేనే లేస్తుంది.

ఒక చలికాలం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. పత్తర్‌గట్టిలో చీరల దుకాణంలో పనిచేసే ఒకాయన స్కూటరు మీద మా గల్లీలోంచి ఇంటికి పోతున్నాడు. మలుపు తిరిగాడు. బర్రెకు తగిలాడు. బర్రె తల తిప్పి ఒకసారి చూసి మళ్లీ నెమరు వేసుకోవడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం స్కూటరు మీది నుంచి లేచి, పొద్దున ఎత్తిపోయడానికి అమ్మ కుప్ప చేసి పెట్టిన పేడలో పడ్డాడు. పేడ మెత్తగా ఉంటుంది కాబట్టి ఒంటికి దెబ్బ తగల్లేదు. తగిలిందంతా పరువుకే.

ఆ చప్పుడుకు గల్లీ మొత్తం బయటికి వచ్చింది.

"క్యా అమ్మా!" అని ఆయన చేతులు విదిలించుకుంటూ అరిచాడు. "రోడ్డు మీద గింత పెద్ద జానవర్‌ను కూసోవెడితె ఎట్ల? దీనికి లైట్ లేదు, ఇండికేటర్ లేదు, నంబర్ ప్లేట్ లేదు!"

"నీ కండ్లు యాడ వెట్టుకున్నవ్ బేటా? గంత పెద్ద బర్రె కనవడలేదా?" అంది అమ్మ.

"భైంస్ నల్లగుంది, అంధేరా నల్లగుంది. ఎట్ల కనవడ్తది? మీరే చెప్పుండ్రి."

మా అమ్మతో వాదనలో గెలిచిన మనిషిని నేను చూడలేదు. ఆ రోజు కూడా లొల్లి పెద్దదవుతుందనే అందరూ గోడలకు ఆనుకుని సుఖంగా నిలబడ్డారు. కానీ అమ్మ వాదన ఆపి లోపలికి పోయింది. తర్వాత ఆయనకు కాళ్లు కడుక్కోవడానికి బకెట్టు నీళ్లు తెచ్చిచ్చింది, గ్లాసు నిండా చల్ల ఇచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, కోపం ఎక్కడ వదిలేశాడో మరిచిపోయినట్టు స్కూటరెక్కి పోయాడు. అప్పుడు అమ్మ గల్లీ అందరూ వింటుండగా నా వైపు తిరిగింది.

"ఆ పిలగాడు అన్నది నిజమే. దీనికి లైటు వెట్టు."

"బర్రెకు లైటేందే అమ్మా?"

"సైకిలుకు లేదా? లారీకి లేదా? బర్రె ఏం పాపం చేసింది? ఉత్త లైటు గాదు, ఆరుకుంట వెలుక్కుంట ఉండాలె. గప్పుడే దూరంకెల్లి తెలుస్తది." ఆ తర్వాత జనం వైపు తిరిగి, "నా కొడుకు కరెంటాఫీసుల ఉన్నడు. వాడే చేస్తడు" అంది.

లోపలికి వచ్చాక నా భార్య, "సైకిల్ దుకాణంల దొరుకుతయి గద, ఒకటి కొనుక్కొచ్చి కట్టరాదు?" అంది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఏ సమస్యనైనా రెండు కుట్లలో తేల్చేయడం ఆమెకు అలవాటు. తను అన్నది న్యాయమే. కానీ గల్లీ మొత్తం విన్నది. రేపు నా చేతిలో కొన్న లైటు చూస్తే, ఇన్నేళ్లూ నేను ఊపిన మిక్సీలన్నీ లేచి సాక్ష్యం చెబుతాయి.

"నేనే చేస్త" అన్నాను.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ నన్ను అలా చూసింది, అంతే.

మరుసటి రోజు ఆఫీసు నుంచి నేరుగా అఫ్జల్‌గంజ్ మీదుగా కోఠికి వెళ్లాను. అక్కడ ఒక సందులో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలున్నాయి. నేను దూరిన దుకాణంలో గోడల నిండా చిన్న చిన్న సొరుగులు, వాటి మధ్య మందపాటి అద్దాలు పెట్టుకున్న ఒక పెద్దాయన.

"ఆరుకుంట వెలిగే లైటు చెయ్యాలె భాయ్" అన్నాను.

"ప్రాజెక్టా? బచ్చా ఏ క్లాసు?"

"బచ్చా కాదు, నేనే."

ఆయన అద్దాలు సర్దుకున్నాడు. "ఎక్కడ పెడతవ్? ఒక్క జాగల ఫిక్సుగ ఉంటదా, కదుల్తదా?"

"దానికి మనసైతె కదుల్తది."

"దేనికి?"

చెప్పక తప్పలేదు. బర్రెకు అన్నాను. దుకాణంలో ఉన్న మిగతా ఇద్దరు గిరాకీలు కొనడం ఆపి నా వైపు తిరిగారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. చాలా తీవ్రంగా ఆలోచించి, "ఎర్రదే మంచిది. నల్ల రంగు మీద ఎరుపు కొడ్తది" అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు ఎక్కడలేని నమ్మకం కలిగింది.

ఆయన ఒక్కొక్క సొరుగే లాగి వస్తువులు బల్ల మీద పెట్టాడు. ఎనిమిది కాళ్ల నల్ల పురుగు లాంటి ఐసీ. పొట్ట మీద రంగు చారలున్న రెసిస్టర్లు. చిన్న డోలు లాంటి కెపాసిటర్. ఎర్ర ఎల్‌ఈడీ బల్బు, బ్యాటరీ, రంగురంగుల తీగ ముక్కలు. చివరగా అరచేతంత తెల్లటి ప్లాస్టిక్ పలక ఒకటి పెట్టాడు. దాని నిండా రంధ్రాలే.

"ఇది బ్రెడ్‌బోర్డు. టంకం పని లేదు. రంధ్రాలల్ల గుచ్చితె చాలు, లోపల కనెక్షన్ అయితది. అడ్డం వరసల ఐదు రంధ్రాలు ఒక్క కుటుంబం. ఒకదాంట్ల పెట్టింది ఐదింటికీ అందుతది. నడుమ ఈ కాలువ చూడు, మోరీ. ఈ దిక్కు కుటుంబానికి ఆ దిక్కు కుటుంబంతోటి సంబంధం లేదు. సమజ్ అయిందా?"

అయిందన్నాను. కుటుంబాలు, మోరీలు నాకు తెలియనివి కావు. ఆయన ఒక పాత కాగితం సంచి చింపి దాని మీద బొమ్మ గీసిచ్చాడు. ఐసీ కాళ్లకు నంబర్లు వేశాడు. నేను అన్నింటినీ పొట్లం కట్టించుకుని, సగం ఇంజనీరునైపోయినట్టు బస్సెక్కాను.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, "తెచ్చినవా?"

"తెచ్చిన. బ్రెడ్‌బోర్డు."

"బ్రెడ్డెందుకురా, ఇంట్ల అన్నం ఉన్నది గద" అని ఆమె కొట్టంలోకి వెళ్లిపోయింది.

నేలమీద చాప పరిచి, సామానంతా పెట్టుకుని కూర్చున్నాను. నా భార్య కుట్టుమిషను ఆపి పక్కకు వచ్చి కూర్చుంది. సాయం చేయడానికి అని తను చెప్పింది. వినోదం చూడటానికి అని నేను అనుకున్నాను. బొమ్మలో ఉన్నట్టే ఐసీని గుచ్చాను, రెసిస్టర్లు గుచ్చాను, తీగలు గుచ్చాను, ఎల్‌ఈడీ గుచ్చాను. బ్యాటరీ తగిలించాను.

ఏమీ కాలేదు.

ఊదాను. నేల మీద మెల్లగా తట్టాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను కూడా, అలవాటు కొద్దీ. రెండు తీగలు ఊడి చాప మీద పడ్డాయి. వాటిని మళ్లీ గుచ్చుతూ, ఐసీ సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని వేలు పెట్టి నొక్కాను. వేలు చురుక్కుమంది. పెనం మీద పెట్టినట్టు ఎగిరిపడ్డాను. ఎక్కడో ప్లాస్టిక్ మాడిన వాసన.

"లోపల కాయిల్ పోయిందా?" అంది నా భార్య.

ఆమె ముఖంలో నవ్వు లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు మళ్లీ కోఠి. పెద్దాయన బోర్డును చూసీ చూడగానే నాలుక చప్పరించాడు. బ్యాటరీ ఎర్ర తీగ పోవలసిన చోటికి నల్లది పోయిందట. ఐసీ మరణించిందట. అంతేకాదు, నేను ఐసీని మోరీకి ఒక పక్కనే కూర్చోబెట్టానట. దాని ఇటు కాళ్లూ అటు కాళ్లూ ఒకే కుటుంబంలో పడి ఒకదానికొకటి అంటుకుపోయాయట.

"మోరీ దాటాలె సాబ్, మోరీ" అన్నాడు. కొత్త ఐసీతో పాటు, "మీ చెయ్యి చూస్తె పనికొస్తయి" అని ఇంకొన్ని విడి వస్తువులు కూడా పొట్లంలో వేశాడు.

ఆ సాయంత్రం ఐసీని చేత్తో పట్టుకుని, ఎటువైపు తల, ఎటువైపు తోక అని నేను తికమకపడుతుంటే నా భార్య లాక్కుంది. ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసింది. "గిక్కడ అర్ధచంద్రం లెక్క గాటున్నది గద, గిది తల. బొమ్మల గూడ పైకే ఉన్నది. మోరికి ఇటు నాలుగు కాళ్లు, అటు నాలుగు కాళ్లు. మన బర్రె మోరి దాటేటప్పుడు నడుమ ఆగిపోతది చూడు, గట్ల నిలబెట్టాలె" అని గుచ్చేసింది. నల్ల పురుగు మోరీకి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడింది. నిజంగానే మా నల్లదానిలా ఉంది.

ఆమె రంగు చారలు చూసి రెసిస్టర్లు అందిస్తుంటే నేను గుచ్చాను. నేను ఎరుపు అనుకున్నవి గోధుమ రంగువి, గోధుమ అనుకున్నవి నారింజవి. జాకెట్ గుడ్డకు దారం రంగు కలపడంలో ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషి అవి చూసి, "నీకు నా చీరల రంగులు ఎందుకు యాదికుండవో ఇప్పుడు తెల్సింది" అంది. కెపాసిటర్ దగ్గరికి వచ్చేసరికి మరో ఇబ్బంది. ఆ చిన్న డోలు కనబడలేదు. చాప దులిపాం, పొట్లం దులిపాం. బహుశా నిన్న నేను ఎగిరిపడ్డప్పుడు అదీ ఎగిరి ఎక్కడో పడి ఉంటుంది. విడి వస్తువుల్లో కందిపప్పు గింజంత కెపాసిటర్ ఇంకోటి ఉంటే, అదీ కెపాసిటరే కదా అని గుచ్చేశాను.

బ్యాటరీ పెట్టగానే ఎర్రటి వెలుగు!

ఇద్దరం ఒకేసారి అరిచాం. అమ్మ పరుగెత్తుకొచ్చింది. ముగ్గురం చుట్టూ కూర్చుని చూశాం. వెలుగుతోంది. వెలుగుతూనే ఉంది. ఆరడం లేదు.

"ఆర్తలేదు గదరా" అంది అమ్మ.

"ఆగు, ఆర్తది."

చాలాసేపు ఆగాం. దాని మానాన అది వెలుగుతూ కూర్చుంది. చివరికి పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన అన్నీ అడిగి తెలుసుకుని, "చిన్న కెపాసిటర్ పెట్టిండ్రా? అయితె అది ఆరుతున్నది సాబ్. జల్ది జల్ది ఆరుతున్నది. మీ కంటికి అందుతలేదు" అన్నాడు.

"కనవడకుంట ఎట్ల ఆరుతది భాయ్?"

"యకీన్ లేకుంటె చీకట్ల పట్టుకొని గిట్ల గిట్ల ఊపుండ్రి. గీత లెక్క రాదు, చుక్కలు చుక్కలు వస్తది."

ఇంట్లో చీకటి ఉన్నది కొట్టంలోనే. అక్కడికి పోయి, బర్రెల ముందు నిలబడి, బోర్డును రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా ఊపాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చీకట్లో ఎర్రటి చుక్కలు వరసగా, పూసలు గుచ్చినట్టు కనిపించాయి. ఆ సంతోషంలో ఇంకా జోరుగా ఊపాను. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"దిష్టి తీస్తున్నవా బిడ్డా? మూడుసార్లు చాలు. మిరపకాయలు గూడ తెస్తా, ఉండు."

అది దిష్టి కాదని, లైటు ఆరుతూనే ఉందని, మన కళ్లకే తెలియడం లేదని వివరంగా చెప్పాను. అమ్మ ఓపికగా వింది.

"కండ్లకు కనవడకుంట ఆరితె ఏం ఫాయిదా రా? గా స్కూటర్ పిలగాడు ఇక్కడికొచ్చి బర్రెను పట్టుకొని ఊపాల్నా?"

మూడోసారి కోఠికి వెళ్లేసరికి ఆ సందులో టీ అమ్మే మనిషి కూడా, "భైంస్ కా లైట్ జలా క్యా?" అని అడిగాడు. పెద్ద కెపాసిటర్ తెచ్చాను. దాని ఒంటి మీద తెల్ల చార ఎటుండాలో పెద్దాయనతో రెండుసార్లు చెప్పించుకుని మరీ తెచ్చాను.

గుచ్చాను. బ్యాటరీ తగిలించాను. వెలిగింది. ఆరింది. ఎవరం కదల్లేదు. మళ్లీ వెలిగింది. మళ్లీ ఆరింది.

ఇంత చిన్న విషయానికి అంత సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఇన్నేళ్లు కరెంటు పేరు మీద జీతం తీసుకున్నాను, ఆ వేళ మొదటిసారి అది నా మాట విన్నది. నా భార్య నా భుజం మీద చెయ్యి వేసి, "మస్తున్నదయ్యా" అంది. మా పెళ్లయ్యాక ఆమె నోట ఆ మాట నేను చేసిన పనికి రావడం అరుదు. నేను బోర్డును పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఒక తీగ ఊడింది. మళ్లీ గుచ్చాను.

బోర్డు మీద చేసింది నేల మీద ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. గట్టిగా తుమ్మితే తీగ ఊడుతుంది. దాన్ని బర్రె మెడకు కట్టడం ఎలా? ఆ పని నా భార్య తీసుకుంది. మిఠాయి కొన్నప్పుడు వచ్చిన పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో బోర్డు పెట్టి, చుట్టూ దూది కూరి, ఎల్‌ఈడీ ఒక్కటి బయటికి కనిపించేలా అమర్చింది. జాకెట్లకు మిగిలిన గుడ్డ ముక్కలు కలిపి వెడల్పాటి పట్టీ కుట్టింది. పట్టీ ఒక పక్క జరీ అంచు కూడా వచ్చింది. నల్లది మెడ చాచి కట్టించుకుంది, అసలు ఏమీ జరగనట్టు. తెల్లమచ్చది మాత్రం దగ్గరికి వచ్చి డబ్బాను ఒకసారి నాకి, దాని వైపే చూస్తూ నిలబడింది. దానికి ఈర్ష్యగా ఉందని అమ్మ అంది.

ఆ సాయంత్రం దీపాల వేళకు నల్లదాన్ని బయటికి వదిలాం. మా మలుపు దాటితే ఒక ఇంటి ముందు అరుగు ఉంది. అక్కడ కొందరు పెద్దమనుషులు రోజూ పేకాడతారు. మలుపు అవతలి నుంచి మొదట ఎర్రటి వెలుగు ఎదురు గోడ మీద పడింది. ఆరింది. మళ్లీ పడింది. వెలుగు మెల్లగా దగ్గరికి వస్తోంది.

"అరే, పోలీసుబండి రా!" అని ఎవరో అన్నారు.

అంతే. అరుగు ఖాళీ. ఒకాయన లుంగీ ఎత్తి పట్టుకుని పక్కింట్లోకి దూరాడు. ఇంకొకాయన చెప్పులు వదిలేసి ఎదురింటి మెట్లెక్కాడు. నిమ్మళంగా మలుపు తిరిగి వచ్చిన నల్లది అరుగు దగ్గర ఆగింది. పేకముక్కలు వాసన చూసింది. ఒక రాజును నోట్లో వేసుకుంది.

మెట్ల మీది పెద్దమనిషి కిందికి దిగి, "కరెంటన్నా, గిదేం పని? మంచి ఆట! చేతిల సీక్వెన్స్ వట్టుకొని ఉరికిన" అని నెత్తి కొట్టుకున్నాడు. చూస్తున్నవాళ్ల నవ్వులు గల్లీ మొదటికి వినిపించి ఉంటాయి.

వారం తిరక్కుండానే చీరల దుకాణం ఆయన మళ్లీ వచ్చాడు. దూరం నుంచే స్కూటరు నెమ్మది చేసి, బర్రె పక్కన ఆపి, లైటును తల వంచి చూశాడు. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఎట్లున్నది బేటా?"

"బహుత్ అచ్ఛా ఉంది అమ్మా. కానీ ఇండికేటర్ ఒక్కటే పెట్టిండ్రు. ఎడమకు మలుగుతదా, కుడికి మలుగుతదా, నాకెట్ల తెల్వాలె?"

"అది కూసున్నది. యాడికి మలుగది. నువ్వే మలుగు" అంది అమ్మ. ఆయన నవ్వుతూ వెళ్లాడు. అప్పటి నుంచి గల్లీ దాటిన ప్రతిసారీ అమ్మకు సలాం పెట్టి పోతాడు.

అమ్మకు ఆ లైటంటే ప్రాణమైపోయింది. సాయంత్రం ఇతర పనులన్నీ ఆపి, గడప దగ్గర కూర్చుని దాన్నే చూసేది. "ఎంత పెద్దగ కొడ్తున్నది చూడు, లాంతరు లెక్క" అని వచ్చేపోయేవాళ్లకు చెప్పేది. కొడుకు చేసింది కాబట్టి పెద్దగా కనిపిస్తోంది కాబోలు అనుకుని నేను లోలోపల పొంగిపోయాను. లాంతరంత ఎందుకుంటుంది, ఎల్‌ఈడీ కందిగింజంత ఉంటుంది అని ఆలోచించలేదు.

ఒక రోజు బ్యాటరీ అయిపోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు కొత్తది తెస్తానని చెప్పి మరిచిపోయాను. మసక వేళ. నేనూ నా భార్యా గడపలో నిలబడి ఉన్నాం. అమ్మ బర్రెను తోలుకురావడానికి మలుపు దాకా పోయింది. అక్కడ గోడవారగా పొరుగింటాయన తన బండి నిలిపి, దుమ్ము పడకుండా నల్ల తాటిపత్రి కప్పి ఉంచాడు. అమ్మ నేరుగా దాని దగ్గరికే పోయింది.

"లే, పా ఇంటికి. పొద్దువోయింది" అంది.

తాటిపత్రి లేవలేదు.

"గింత పొగరేందే నీకు? లెమ్మంటె లేవ్వు?" అని దాని వీపు మీద ఒకటి చరిచింది. లోపల హ్యాండిలు తగిలి ఠంగుమంది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండో చేత్తో తాటిపత్రిని మెల్లగా తడిమి చూసింది. అసలు నల్లది ఆమెకు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఇదంతా నెమరు వేస్తూ చూస్తోంది.

మేమిద్దరం పకపకా నవ్వుతున్నాం. నా భార్య ముందు నవ్వు ఆపింది. నా మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు నేనూ ఆపాను.

అమ్మను లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

"ఎప్పటి సంది అమ్మా?"

"ఏది ఎప్పటి సంది? మంచిగనే కనవడ్తది. మాపటీలి జరంత మసక, గంతే."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "చెప్తే ఏం చేస్తరు? ముసల్దానికి కండ్లు వోయినయి, బర్రెలు ఎవలు చూస్తరు, అమ్మేద్దాం అంటరు. అవి లేకుంటె నేను పొద్దంత ఏం చెయ్యాలె? టీవీ ముందల కూసోవాల్నా?" అంది. తర్వాత, తప్పు చేసిన పిల్లలా కాదు, లెక్క సరిగ్గా చెప్పే మనిషిలా అంది: "గా పిలగాడు పేడల వడ్డ దినం, నాక్కూడ బర్రె కనవడలే. గందుకే లైటు వెట్టుమన్న."

చీరల దుకాణం ఆయన కోసం అనుకుని నేను చేసిన లైటు ఆమె కోసం. బర్రెలు అమ్మనని మాటిచ్చాను. చెల్లదన్నది. నల్లదాని మీద ఒట్టు పెట్టించుకుని, అప్పుడు కంటి దవాఖానకు రావడానికి ఒప్పుకుంది.

శుక్లాలు రెండు కళ్లకూ ఉన్నాయన్నారు డాక్టరమ్మ. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేసి, అది కుదుటపడ్డాక రెండోది చేద్దామన్నారు. "దీపాలు చూస్తే చుట్టూ పెద్దగా చెదిరినట్టు కనిపిస్తుందా అమ్మా?" అని ఆవిడ అడిగితే, అమ్మ గర్వంగా నా వైపు చూపించి, "మా వాని లైటు లాంతరంత కనవడ్తది" అని చెప్పింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి అది జబ్బు లక్షణమని మెల్లగా వివరించారు. నేను తల ఊపాను. నా ఇంజనీరింగుకు అంతకంటే ఖచ్చితమైన పరీక్ష జరగలేదు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. నల్ల అద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చిన అమ్మను కొన్నాళ్లు కొట్టంలోకి పోనీయలేదు. నేనే పొద్దున్నే లేచి పాలు పిండాను. నల్లది నన్ను రెండుసార్లు తన్నింది.

అద్దాలు తీయవచ్చని చెప్పిన రోజు సాయంత్రం, కొత్త బ్యాటరీ వేసి, డబ్బా తుడిచి, నల్లదాన్ని గడప ముందుకు తెచ్చాను. అమ్మ వచ్చి నిలబడింది. ఆపరేషన్ కాని కంటిని అరచేత్తో మూసుకుని చూసింది. దగ్గరికి పోయి చూసింది. లైటు వెలిగింది, ఆరింది, వెలిగింది.

"గింతేనా?" అంది.

"గింతే అమ్మా."

"గిది కందిగింజంత లేదు గదరా! నేను గల్లీల అందరికీ లాంతరు లాంతరు అని చెప్పిన. నా ఇజ్జత్ ఏం గానూ?"

నేను ఏదో చెప్పబోయాను. అప్పటికే ఆమె లైటును వదిలి నా మొహం చూస్తోంది. "నీకు గిన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడచ్చినయిరా?" అంది. చెయ్యి చాపి నా తల నిమిరింది. ఆ తర్వాత ఇంట్లోకి తిరిగింది. గోడ చూసింది. "సున్నం ఏసి ఎన్నేండ్లాయె?" వంటింట్లోకి పోయింది. "గీ గిన్నె తోమిందేనా?" దేవుడి అర దగ్గర ఆగి సాలెగూడు వేలితో చూపించింది. పాల క్యాను మూత ఎత్తి, అంచు తడిమి, మా ఇద్దరినీ పేరు పేరునా పిలిచింది.

నా భార్య మిషను వెనక నుంచి నా చెవి దగ్గరికి వంగింది.

"ఏమయ్యా, గిది ఒక్క కన్నుతోనే. రెండోది గూడ అయితె మన గతి ఏం గానూ?"